ఉలిగమ్మ గంప కింద

పొద్దున ఆరింటికి
ఎమ్మిగనూరులో మా సందు మాట్లాడేది కోళ్ళ గురించే.
నాపరాళ్ళ గోడకి అటు ఉసేనమ్మ, ఇటు నేను,
మోరీ అవతల సుంకన్న, వేపపుల్ల ఇంకా నోట్లోనే.
"మా ఎర్రది గుడ్డు పెట్టలేదు పా ఈ పొద్దు."
"పెట్టింది లే, మా మగ్గం గుంతలో."
"అయితే ఇటియ్యి."
"గుంత నాది గదా!"
ఈ తగువు తీరేది లేదు,
తీరాలని ఎవరికీ లేదు.

ఈ కొలువులో నేను కొత్తోణ్ణి.
ముప్పై ఒక్క ఏండ్లు ఆదోని డిపోలో టికెట్లు కొట్టి
రిటైరైన నెలకి
సంతలో ఒక పెట్టను కొన్నా, మూడువందల యాభైకి.
కాలి పొలుసులు చూసి దాని వయసు లెక్కగట్టి
"మోసపోయినావు కండక్టరా" అన్నారు అందరూ.
గోమార్లు పడితే బూడిద గుంత తవ్వమన్నారు.
తెల్లగా పారితే మజ్జిగలో పసుపు అన్నాడు సుంకన్న,
కాదు, వెల్లుల్లి అంది ఉసేనమ్మ.
రెండూ పోసినా.
నన్ను చూస్తే ఇప్పటికీ పారిపోతాది ఆ కోడి.

ఎండలు ముదరకముందు
సందు మొత్తానికి పొదుగుకొచ్చింది ఒక్కటే,
ఉలిగమ్మ నల్లపెట్ట.
మెడ ఈకలు నిక్కబొడుచుకోని
ముట్టబోయిన చెయ్యినల్లా పొడుస్తా.
ఇంకొకరైతే ముక్కులో ఈక గుచ్చి
నీళ్ళలో ముంచి మాన్పించేవాళ్ళు.
ఉలిగమ్మ గంపలో ఇసుక పోసి, గడ్డి పరిచి,
ఉరుముకి గుడ్లు మురిగిపోకుండా
ఒక ఇనుప మేకు, ఒక ఎండుమిరపకాయ పెట్టి
"మీవి గూడా తెచ్చుకోండి" అంది.
"బేసిగా ఉండాల. సరి అయితే నేనొప్పను."

తనవి అయిదు, ఉసేనమ్మవి నాలుగు,
సుంకన్నవి మూడు.
పన్నెండు.
అందరూ నా వైపు చూసినారు.
బతుకంతా చిల్లర కోసం జనాన్ని సతాయించినోణ్ణి,
ఇన్నాళ్ళకి నేనే చిల్లరనైనా.

ఎవరి గుర్తు వాళ్ళు పెట్టినారు.
ఉలిగమ్మది బొగ్గు చుక్క.
ఉసేనమ్మ మనవడి స్కెచ్ పెన్నుతో ఇంటి నంబరు, అడ్డగీతతో సహా.
సుంకన్న అద్దకం రంగులో వేలు ముంచినాడు.
నేను పాత అలవాటుకొద్దీ ఒక గీత,
టికెట్టు మీద ఆఖరి స్టేజీ కొట్టినట్టు.

ఇరవై ఒక్క దినాలు
"గంప దిగిందా?" "నీళ్ళు తాగిందా?"
ఇంట్లో బాలింత ఉన్నా ఇంత అడగలేదు ఎవరూ.
ఏడో రాత్రి సెల్‌ఫోన్ లైటు కింద పెట్టి చూసినాం.
గుడ్డు లోపల ఎర్రటి దారాలు.
నలభై ఏండ్లు చీరలు నేసిన సుంకన్న
"ఎవుడు నేసినాడబ్బా దీన్ని" అని
బీడీ ఆర్పేసినాడు.

ఇరవై రెండో పొద్దు, పది పిల్లలు.
గంప ఎత్తితే పెంకుల్లో సగం చుక్క, సగం నంబరు.
నా గీత ఏ ముక్కతో పోయిందో,
పెంకు కొంత తల్లే తినేసింది.
పగలని గుడ్లు మూడు.
గుర్తులు చెరగకుండా ఉన్నది వాటి మీదే,
రెండు ఇంటి నంబర్లు, ఒక బొగ్గు చుక్క.
ఉసేనమ్మ తనవి కొంగులో వేసుకోని
ఏమీ అనకుండా పోయింది.
మాపటికి వచ్చి గోడ మీద మోచేతులు ఆనించి
"పోనీలే, ఆ పదిట్లో రెండు నావే గదా" అంది.
"ఏ రెండు?"

ఎవరికి తెలుసు.
నల్లవి ఉలిగమ్మవి అందామంటే
సుంకన్న పుంజు ఆ గోడ ఎన్నిసార్లు దూకిందో
లెక్కపెట్టినోళ్ళు లేరు.
"నీది యాదప్పా కండక్టరా?" అని రోజూ ఎకసెక్కం.
"ఎక్కిన మాట నిజం,
యాడ దిగిందో చూళ్ళేదు" అంటా.

శుక్రవారం పశువుల ఆసుపత్రిలో
పిల్లల కంట్లో చుక్కలు వేయించాలంట.
బుట్ట ఎవరు మోయాలని ఇప్పుడు కొత్త తగువు.
మధ్యాన్నం బండల మీద గద్ద నీడ జారితే
తువ్వాలు తిప్పుకుంటా వాకిట్లోకి ఉరుకుతా నేను,
నా ఒక్కదాని కోసం పదింటినీ తోలుకోని.
గోడ అవతల ఉలిగమ్మ అంటాంది,
"అరిచింది చాల్లే గానీ
నూకలుంటే ఒక చాటెడు పంపు."